ముందు బ్రేకు పట్టేస్తున్నదా? లోపం కనిపెట్టే పద్ధతి

(పాల ఉత్పత్తిదారుల సంఘాల సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మేత గురించి, దాణా గురించి, పశువుల ఆరోగ్యం గురించి ఇలాంటి సమావేశాల్లో మనం తరచుగా మాట్లాడుకుంటూ ఉంటాం. ఈ రోజు నేను మోటారు సైకిలు ముందు బ్రేకు గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను. పాల సంఘానికీ బ్రేకుకూ ఏమిటి సంబంధం అని మీలో కొందరికి అనిపించవచ్చు. సంబంధం చాలా ఉన్నది. పొలం దగ్గర, దొడ్డి దగ్గర పితికిన పాలు సంఘానికి చేరేది, అక్కడి నుంచి చాలా ఊళ్ళలో శీతలీకరణ కేంద్రానికి చేరేది మోటారు సైకిలు మీదనే. పొదుగు నుంచి వచ్చిన పాలు పశువు ఒంటి వేడితో ఉంటాయి. వాటిని 4 డిగ్రీల సెంటీగ్రేడుకు చల్లార్చే దాకా సూక్ష్మజీవులు నిమిష నిమిషానికీ పెరుగుతూనే ఉంటాయి. దారిలో బండి ఆగిపోతే పాలు విరుగుతాయి, ఆ పూట కష్టం వృథా అవుతుంది.

అంతకంటే పెద్ద సంగతి ప్రాణం. 40 లీటర్ల క్యాన్లు రెండు కట్టుకుంటే పాల బరువే 82 కిలోలు. క్యాన్ల బరువు, మనిషి బరువు వేరు. అంత బరువుతో వెళ్ళే బండిని ఆపడంలో ముఖ్యమైన పని ముందు బ్రేకుదే. ఎందుచేతనంటే బ్రేకు వేసినప్పుడు బరువంతా ముందుకు తోసుకువస్తుంది. ఆ బ్రేకు పడకపోతే ప్రమాదమని అందరికీ తెలుసు. పడిన బ్రేకు వదలకపోయినా అంతే ప్రమాదమని చాలామందికి తెలియదు. "కాస్త పట్టేస్తోంది, పరవాలేదు, బ్రేకు గట్టిగానే ఉందిగా" అని నడిపేస్తూ ఉంటారు. వదలని బ్రేకు రాసుకుని రాసుకుని వేడెక్కుతుంది. డిస్కు బ్రేకు అయితే ఆ వేడికి లోపలి బ్రేకు ఆయిలు మరుగుతుంది, ఆవిరి బుడగలు పుడతాయి. అప్పుడు లివరు నొక్కితే బుడగలు నలుగుతాయి గాని బ్రేకు పడదు. అంతవరకూ గట్టిగా ఉన్న బ్రేకు, కావలసిన క్షణంలో లేకుండా పోతుంది. కొన్ని సందర్భాలలో చక్రమే బిగుసుకుపోయి బండి పడవేస్తుంది.

ఇటువంటప్పుడు మనం చేసే పని ఏమిటి? ప్యాడ్లు మార్చేయడం, లేదా కనిపించిన నట్టునల్లా వదులు చేయడం. రెండూ సరికాదు. ఆవుకు పొదుగువాపు అనుమానం వస్తే నాలుగు చన్నులూ విడివిడిగా పితికి చూసి, ఏ చన్నులో దోషం ఉన్నదో తేల్చుకున్న తరువాతనే కదా వైద్యం చేయిస్తాము? బ్రేకుకూ అదే పద్ధతి. చక్రాన్ని పట్టుకుని ఉన్నది ఎవరో ముందు తేల్చుకోవాలి. తేలితే చాలాసార్లు మరమ్మతు చిన్నదే అవుతుంది.

పట్టేస్తున్నదని తెలుసుకోవడం ఎలా?

బండిని న్యూట్రల్‌లో తోసినప్పుడు బరువుగా కదలడం, పెట్రోలు ఎక్కువ తాగడం, కాలిన వాసన రావడం, కొంత దూరం పోయేసరికి లివరు గట్టిపడిపోవడం, ఇవన్నీ గుర్తులే. అయితే ఈ గుర్తుల్లో కొన్ని టైరులో గాలి తగ్గినా, చైను మరీ బిగువుగా ఉన్నా, వెనుక బ్రేకు పట్టినా కూడా కనిపిస్తాయి. కనుక ముందు చక్రాన్నే విడిగా పరీక్షించాలి.

బండిని మెయిన్ స్టాండు మీద నిలబెట్టి, ఇంకొకరిని వెనుక క్యారియరు మీద నొక్కి పట్టమనండి. ముందు చక్రం నేలను వదిలి లేస్తుంది. చేత్తో తిప్పి చూడండి. డ్రమ్ము బ్రేకు అయితే చక్రం ఏ రాపిడీ లేకుండా తిరగాలి. డిస్కు బ్రేకులో ప్యాడ్లు డిస్కును కొద్దిగా తాకుతూ సన్నగా శబ్దం రావడం లోపం కాదు. చెయ్యి తీసిన వెంటనే చక్రం ఠక్కున నిలిచిపోతే మాత్రం లోపమే. తరువాత లివరు నాలుగైదుసార్లు గట్టిగా నొక్కి వదిలి, మళ్ళీ తిప్పండి. ముందుకంటే బిగువైతే బ్రేకు వదలడం లేదని అర్థం.

ఇంటి దగ్గర చల్లగా ఉన్నప్పుడు బాగా తిరిగి, నాలుగైదు కిలోమీటర్లు పోయాక పట్టే బళ్ళు కూడా ఉంటాయి. అందుచేత నడిపి వచ్చిన తరువాత కూడా ఈ పరీక్ష చేయాలి. డిస్కును, డ్రమ్మును వేళ్ళతో తాకవద్దు, చర్మం ఊడిపోగలదు. అరచెయ్యి వెనుక భాగాన్ని దగ్గరగా పెడితే సెగ తెలుస్తుంది. కాలిన డిస్కు మీద చెంబుతో నీళ్ళు కుమ్మరించడం కూడా తప్పు. ఒక్కసారిగా చల్లబడితే డిస్కు వంకర తిరగవచ్చు.

ఇంకొక ప్రశ్న మిమ్మల్ని మీరు వేసుకోండి: పట్టేయడానికి ముందు బండికి ఏమి పని జరిగింది? పంచరు వేసినప్పుడు చక్రం పక్కనుండే బుష్షు అటుదిటు వేసినా, ఇరుసు సరిగా బిగించకపోయినా చక్రం ఒక పక్కకు జరిగి బ్రేకు రాసుకుంటుంది. పంచరు వేసిన మర్నాటి నుంచే బ్రేకు పట్టేస్తున్నదంటే ముందుగా అక్కడే చూడాలి.

డ్రమ్ము బ్రేకు అయితే

మన పల్లెల్లో తిరిగే 100 సీసీ బళ్ళలో ఎక్కువ వాటికి ముందు కూడా డ్రమ్ము బ్రేకే ఉంటుంది. ఇందులో లివరు కేబులును లాగుతుంది, కేబులు చక్రం దగ్గరి చిన్న చేతిని లాగుతుంది, ఆ చెయ్యి లోపలి క్యామును తిప్పుతుంది, క్యాము రెండు షూలను విడదీసి డ్రమ్ముకు ఆనిస్తుంది. లివరు వదిలితే స్ప్రింగులు షూలను వెనక్కు లాగుతాయి.

లోపం బయట ఉన్నదా, లోపల ఉన్నదా అని తేల్చడానికి ఒక్క పరీక్ష చాలు. చక్రం దగ్గర కేబులు బిగించే నట్టును పూర్తిగా వదులు చేయండి. చక్రం స్వేచ్ఛగా తిరిగితే లోపం బయట, అంటే లివరులోనో, కేబులులోనో, బిగింపులోనో ఉన్నది. అప్పటికీ పట్టుకునే ఉంటే లోపం డ్రమ్ము లోపల ఉన్నది.

బయట ఉన్నదని తేలితే మొదట బిగింపు చూడండి. లివరు కొన దగ్గర కొంత వదులు ఉండాలి. మెకానిక్కులు దీన్నే ప్లే అంటారు. ఎంత ఉండాలో బండితో ఇచ్చిన పుస్తకంలో రాసి ఉంటుంది. బ్రేకు గట్టిగా ఉండాలని ఆ వదులు మొత్తం తీసేసేవారు ఉన్నారు. వదులు లేని బ్రేకు ఎప్పుడూ కొద్దిగా వేసి ఉన్న బ్రేకే. నట్టు బిగించేది డ్రమ్ము చల్లగా ఉన్నప్పుడే. వేడికి డ్రమ్ము వ్యాకోచించి ఉంటుంది. ఆ స్థితిలో సరిపోయేటట్టు బిగిస్తే, చల్లబడిన తరువాత పట్టేస్తుంది.

బిగింపు సరిగానే ఉంటే కేబులు చూడండి. హ్యాండిలును పూర్తిగా ఎడమకు, పూర్తిగా కుడికి తిప్పి చక్రం తిప్పండి. ఒక వైపు తిప్పినప్పుడే పట్టేస్తే, కేబులు వెళ్ళే దారి తప్పి ఎక్కడో లాగుతున్నదని అర్థం. లివరు వదిలినా నెమ్మదిగా వెనక్కు వస్తున్నదంటే కేబులు లోపల తుప్పు పట్టి ఉండవచ్చు, పోగులు తెగి ఉండవచ్చు. పోగులు తెగిన కేబులుకు నూనె పోసి ప్రయోజనం లేదు, మార్చవలసిందే.

ఇక కొత్త బళ్ళలో ఒక సంగతి గమనించాలి. మన దేశంలో 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ వరకు ఉన్న కొత్త బళ్ళన్నిటికీ రెండు బ్రేకులూ కలిసి పడే ఏర్పాటు, లేదా ఏబీఎస్ ఉండాలనీ, అంతకు మించిన బళ్ళకు ఏబీఎస్ తప్పనిసరి అనీ నిబంధన వచ్చింది. కలిసి పడే ఏర్పాటు ఉన్న బండిలో వెనుక బ్రేకు తొక్కితే ముందు బ్రేకు కూడా కొంత పడుతుంది. అందుచేత వెనుక పెడలు బురదతోనో తుప్పుతోనో పైకి లేవకపోతే ముందు చక్రం కూడా పట్టేస్తుంది. పెడలును కాలితో కింది నుంచి పైకి ఎత్తి చూడండి. ముందు చక్రం వదిలితే దోషం పెడలు దగ్గర, లేదా రెండింటినీ కలిపే కేబులు దగ్గర ఉన్నదని తెలిసిపోతుంది.

లోపం డ్రమ్ము లోపల ఉంటే చక్రం విప్పక తప్పదు. ఎక్కువసార్లు కనిపించేది క్యాము ఎండిపోయి బిగుసుకోవడం. దమ్ము చేసిన పొలాల్లో తిరిగిన బళ్ళకు బురద నీరు లోపలికి దిగి ఈ పరిస్థితి వస్తుంది. క్యామును తీసి, తుప్పు గీకి, చాలా కొద్దిగా గ్రీజు రాసి బిగించాలి. గ్రీజు ఎక్కువైతే కరిగి షూల మీదకు పోయి బ్రేకే పడదు. స్ప్రింగులు సాగిపోయి ఉంటే మార్చాలి. డ్రమ్ములోని దుమ్మును నోటితో ఊదవద్దు. ఆ పొడి ఊపిరితిత్తులకు చేటు. తడి గుడ్డతో తుడవండి. చక్రం తిరిగి బిగించేటప్పుడు ఇరుసు నట్టు చివరి బిగింపుకు ముందు బ్రేకు లివరు నొక్కి పట్టుకుంటే షూలు డ్రమ్ము మధ్యకు సర్దుకుంటాయి.

డిస్కు బ్రేకు అయితే

డిస్కు బ్రేకు పనితీరు కొంచెం వివరంగా చెప్పుకోవాలి. లివరు దగ్గర మాస్టర్ సిలిండరు ఉంటుంది. అక్కడి నుంచి గొట్టం ద్వారా బ్రేకు ఆయిలు కింద కాలిపర్‌కు పోతుంది. లివరు నొక్కితే ఆయిలు ఒత్తిడికి కాలిపర్‌లోని పిస్టను బయటకు వచ్చి ప్యాడ్లను డిస్కుకు అదుముతుంది. మరి లివరు వదిలితే పిస్టనును వెనక్కు లాగేది ఏమిటి? అక్కడ స్ప్రింగు లేదు. పిస్టను చుట్టూ ఉన్న రబ్బరు సీలు, పిస్టను ముందుకు కదిలినప్పుడు కొద్దిగా మెలిపడుతుంది. ఒత్తిడి పోగానే అది తన మామూలు స్థితికి వస్తూ పిస్టనును వెంట్రుకవాసి వెనక్కు తెస్తుంది. అంతే. ఆ వెంట్రుకవాసి కదలిక కోసం పైన ఒత్తిడి పూర్తిగా పోవాలి, కింద పిస్టను బిగుసుకోకుండా ఉండాలి.

కాబట్టి డిస్కు బ్రేకు పట్టేయడానికి రెండే రకాల కారణాలు. ఒకటి, ఆయిలు ఒత్తిడి ఎక్కడో చిక్కుకుపోవడం. రెండు, ఒత్తిడి పోయినా ఇనుము ఇనుముకు పట్టేయడం. ఏది నిజమో ఊహించనక్కరలేదు, పరీక్షించి చూడవచ్చు.

విప్పే పని లేకుండా ముందు పై భాగం చూడండి. లివరు పూర్తిగా వెనక్కు వస్తున్నదా? బండి పడినప్పుడు వంగిన లివరు, కొలత సరిపోని కొత్త లివరు, గ్రీజు లేక ఎండిన లివరు బోల్టు, ఇవి మాస్టర్ సిలిండరును ఎప్పుడూ కొద్దిగా నొక్కి ఉంచుతాయి. తరువాత ఆయిలు గిన్నె చూడండి. ప్యాడ్లు అరిగిన కొద్దీ గిన్నెలో ఆయిలు దిగుతుంది. అది చూసి ఎవరో నిండా పోసేస్తారు. ఆ తరువాత కొత్త ప్యాడ్లు వేసి పిస్టనును వెనక్కు నెట్టితే, ఆయిలుకు చోటు ఉండదు. ఎండకు వేడెక్కి వ్యాకోచిస్తే పోయే దారి లేక బ్రేకు తనంతట తానే పడుతుంది. ఎక్కువ ఉన్న ఆయిలును తీసి గీత వరకు ఉంచితే అంతటితో సరి.

ఇవి బాగుంటే, బ్రేకు పట్టి ఉన్న సమయంలోనే అసలు పరీక్ష చేయాలి. కాలిపర్ మీద గాలి తీసే నిపులు ఉంటుంది. సాధారణంగా 8 నంబరు పానా పడుతుంది. దానికి సన్నని ప్లాస్టిక్ గొట్టం తగిలించి, రెండో కొసను సీసాలో పెట్టి, నిపులును పావు చుట్టు వదులు చేసి వెంటనే బిగించండి. ఆయిలు చిమ్మి చక్రం వదిలిందా? అయితే ఒత్తిడి చిక్కుకుని ఉన్నది. చక్రం వదలలేదా? అయితే లోపం కింద, కాలిపర్‌లోనో డిస్కులోనో ఉన్నది.

ఒత్తిడి చిక్కుకున్నదని తేలితే ఇంకొక మెట్టు ఉన్నది. లివరు నొక్కి మళ్ళీ బ్రేకు పట్టేటట్టు చేసి, ఈసారి మాస్టర్ సిలిండరు దగ్గర గొట్టాన్ని బిగించిన బోల్టును గుడ్డ చుట్టి కొద్దిగా వదులు చేయాలి. అక్కడ వదులు చేయగానే చక్రం తిరిగితే దోషం మాస్టర్ సిలిండరులో ఉన్నది. అందులో ఆయిలు గిన్నెలోకి తిరిగి పోయే సన్నని రంధ్రం ఒకటి ఉంటుంది. పాత ఆయిలు పాచితో అది మూసుకుపోతే తూము మూసిన కాలువలో నీరు నిలిచినట్టు ఒత్తిడి నిలిచిపోతుంది. సిలిండరు విప్పి శుభ్రం చేస్తే చాలాసార్లు బాగవుతుంది. పైన వదులు చేసినా చక్రం తిరగక, కింద నిపులు దగ్గర వదులు చేస్తేనే తిరిగితే, మధ్యలోని గొట్టం లోపల ఉబ్బి మూసుకున్నది. చేతి బలానికి ఆయిలు కిందికి పోతుంది గాని, తనంతట తాను పైకి రాలేదు. పైకి గొట్టం కొత్తగానే కనిపించవచ్చు. దానిని మార్చవలసిందే. ఈ బోల్టు వదులు చేసిన తరువాత కొత్త వాషర్లు వేసి, గాలి పూర్తిగా తీయాలి. అలవాటు లేనివారు ఈ మెట్టు మెకానిక్కు చేతనే చేయించండి. ఏబీఎస్ ఉన్న బళ్ళకు మధ్యలో ఇంకొక యంత్రం ఉంటుంది కాబట్టి వాటిని తగిన పరికరాలున్న చోటికే తీసుకుపోవాలి.

నిపులు వదులు చేసినా చక్రం తిరగకపోతే కాలిపర్ విప్పి చూడాలి. మన వైపు బళ్ళలో ఎక్కువగా ఒకవైపే పిస్టను ఉండి, కాలిపర్ రెండు పిన్నుల మీద అటూ ఇటూ జరిగే రకం ఉంటుంది. పిన్నుల రబ్బరు తొడుగులు చిరిగితే బురద నీరు చేరి పిన్నులు తుప్పు పడతాయి, కాలిపర్ జరగదు. దీనికి గుర్తు, ఒక ప్యాడు బాగా అరిగి, రెండోది అరగకుండా ఉండడం. పిస్టను అంచున తుప్పు, మట్టి పేరుకుంటే అది వెనక్కు పోదు. దొడ్డి కడిగిన నీళ్ళు, క్యాన్లు కడిగిన సోడా నీళ్ళు బండి మీద పడకుండా చూసుకోవడం మన చేతిలో ఉన్న పని. చక్రం తిరిగేటప్పుడు ప్రతి చుట్టులోనూ ఒకే చోట పట్టి, తక్కిన చోట్ల వదులుతుంటే డిస్కు వంకరపోయిందని తెలుసుకోవాలి.

మరమ్మతులో తప్పకూడని జాగ్రత్తలు

బ్రేకు ఆయిలు అనేది ఇంజను ఆయిలు వంటిది కాదు. గిన్నె మూత మీద డాట్ 3 అని గాని, డాట్ 4 అని గాని రాసి ఉంటుంది. అదే పోయాలి. ఇంజను ఆయిలు గాని, కిరోసిను గాని, డీజిలు గాని తగిలితే లోపలి రబ్బరంతా ఉబ్బిపోతుంది. అప్పుడు రబ్బరు భాగాలన్నీ మార్చవలసి వస్తుంది. పిన్నులకు మామూలు గ్రీజు కాకుండా బ్రేకులకని అమ్మే సిలికోను గ్రీజు రాయాలి.

బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ప్రమాణాల ప్రకారం కొత్త డాట్ 3 ఆయిలు కనీసం 205 డిగ్రీల వరకు, డాట్ 4 కనీసం 230 డిగ్రీల వరకు మరగకూడదు. తేమ పీల్చిన తరువాత ఆ హద్దులు 140కి, 155కి దిగిపోతాయి. పట్టేసిన బ్రేకు వేడికి పాత ఆయిలు త్వరగా మరగడానికి కారణం ఇదే. రెండేళ్ళకు ఒకసారి మార్చడం మంచిది. మూత తీసి పెట్టిన సీసాలో ఎంతో కాలంగా మిగిలి ఉన్న ఆయిలు వాడవద్దు.

అన్నిటికంటే ముఖ్యం, ఈ ఆయిలు విషం. పాల క్యాను మూతలో గాని, కొలత పాత్రలో గాని, పిల్లలు తాగే సీసాలో గాని పోయవద్దు. పని ముగిసిన తరువాత సబ్బుతో చేతులు కడుక్కోకుండా పాలు ముట్టుకోవద్దు. బండి రంగు మీద పడితే వెంటనే నీళ్ళతో కడగాలి.

దారిలో బ్రేకు పట్టేస్తే

బండి పక్కకు ఆపి చల్లారనివ్వండి. చల్లారాక చక్రం తిరిగినా అది బాగుపడినట్టు కాదు. మళ్ళీ వేడెక్కగానే మళ్ళీ పట్టేస్తుంది. నిపులు వదులు చేసి కాస్త ఆయిలు వదిలితే చక్రం తిరుగుతుంది, నిజమే. అయితే ఆ తరువాత ముందు బ్రేకును నమ్మడానికి వీలులేదు. అటువంటి బండి మీద నిండు క్యాన్లతో ప్రయాణం చేయకండి. పాలు వేరే బండి మీద పంపి, ఖాళీ బండిని నడిపించుకునో, ఆటోలో వేసుకునో మెకానిక్కు దగ్గరకు చేర్చండి. పాలు అందించడంలో ఒకరికొకరు సాయపడడానికే కదా మనం సంఘంగా ఏర్పడింది? ఒకరి క్యాన్లు ఇంకొకరు ఎక్కించుకుపోవడం మనకు కొత్త కాదు.

చివరిగా ఒక సూచన. సంఘం గదిలో ఒక పానాల సెట్టు, ఒక సన్నని గొట్టం, ఒక సీసా ఉంచుకోవడం ఏ సంఘానికైనా భారం కాదు. పాలు తెచ్చే ప్రతి బండి ముందు చక్రాన్ని నెలకు ఒకసారి లేపి తిప్పి చూడటానికి అయిదు నిమిషాలు చాలు. పట్టేసిందంటే వరుస తప్పకుండా చూడండి: ముందు లివరు, తరువాత ఆయిలు గిన్నె లేదా కేబులు, తరువాత నిపులు, ఆ తరువాతనే విప్పడం. ఎక్కడ వదులు చేస్తే చక్రం తిరుగుతుందో దానికి పైనే దోషం ఉంటుంది. ఈ ఒక్క మాట గుర్తుంటే అనవసరంగా ప్యాడ్లు కొనరు, మెకానిక్కు దగ్గర కూడా విషయం తెలిసినవారిలా మాట్లాడగలరు. పాలు వేళకు సంఘానికి చేరతాయి, పాలు తెచ్చినవారు క్షేమంగా ఇల్లు చేరతారు.